జవాబుదారీ ఎవరికి?

మన కళాశాలలో ఉర్దూ, తెలుగు భాషలు ఒకే వరండాలో కలిసి నడుస్తున్నవి. హామీ, ఖరారు, తనిఖీ, జమాఖర్చు వంటి మాటలు ఏ భాషవని ఆలోచించకుండానే ఇరువురమూ వాడుకుంటున్నాము. అటువంటి ఉమ్మడి మాటలలో ‘జవాబుదారీ’ ఒకటి. బాధ్యత అన్నప్పుడు మోయవలసిన బరువు మనసుకు స్ఫురిస్తుంది. జవాబుదారీ అన్నప్పుడు ఎదుట నిలిచి ప్రశ్న అడుగుతున్న మనిషి స్ఫురిస్తాడు. జవాబు చెప్పవలసినవాడే జవాబుదారు. అయితే ఎవరికి చెప్పాలి? అడిగేవారు ఇద్దరై, వారు కోరే జవాబులు వేరువేరైనప్పుడు ఏమి చేయాలి?

మన పూర్వ విద్యార్థులు అనేకులు పనిచేస్తున్న సాఫ్ట్‌వేర్ కార్యాలయాలలో ఇది నిత్యమూ ఎదురయ్యే సమస్య. ‘ఎజైల్’ అనే పనితీరును అనుసరించే చిన్న బృందాలకూ, వాటిని పోషించే పెద్ద సంస్థలకూ మధ్య తరచుగా ఘర్షణ చెలరేగుతున్నది. దీనిని కొందరు పాతకూ కొత్తకూ మధ్య పోరాటమంటారు. కొందరు యువకుల తొందరపాటుకూ పెద్దల జాగ్రత్తకూ మధ్య తగవంటారు. నా అభిప్రాయం వేరు. ఇది రెండు జవాబుదారీల మధ్య ఘర్షణ. చెడువార్తను సకాలంలో చెప్పడానికీ, శాంతంగా వినడానికీ ఇరుపక్షాలూ సిద్ధపడినప్పుడే అది పరిష్కారమవుతుంది. ఆ సిద్ధపాటు లేనిచోట ఎంత గొప్ప పద్ధతి అయినా ఉత్త తంతుగా మిగిలిపోతుంది. ఈ అభిప్రాయానికి గల ఆధారాలను పాఠకుల ముందుంచడమే ఈ వ్యాసం ఉద్దేశం.

పాత బాట

సాఫ్ట్‌వేర్ నిర్మాణాన్ని తొలినాళ్లలో ఇల్లు కట్టడంతో పోల్చారు. మొదట యజమాని అవసరాలను వ్రాసుకోవాలి. పిమ్మట నమూనా గీయాలి. తరువాత కట్టాలి. చివరకు పరీక్షించి తాళంచెవి అప్పగించాలి. ఒక మెట్టు దిగిన పిదప మరల పైకి ఎక్కే ప్రసక్తి లేదు కనుక దీనికి ‘వాటర్‌ఫాల్’, అనగా జలపాతం, అనే పేరు వచ్చింది. 1970లో విన్‌స్టన్ రాయిస్ అనే అమెరికన్ నిపుణుడు ప్రచురించిన వ్యాసంలోని ఒక చిత్రాన్ని ఈ పద్ధతికి మూలంగా చూపుతుంటారు. విచిత్రమేమంటే ఆ వ్యాసంలో జలపాతమనే మాటే లేదు. పైగా పరీక్షను చిట్టచివరకు నెట్టివేసే క్రమం ప్రమాదకరమనీ, వైఫల్యాన్ని కోరి తెచ్చుకోవడమేననీ రాయిస్ అక్కడే హెచ్చరించారు. లోకం ఆ చిత్రాన్ని స్వీకరించి హెచ్చరికను వదిలివేసింది.

ఎందుకు వదిలివేసింది? ఆ చిత్రం సంస్థల అలవాట్లకు చక్కగా అమరింది. ఏ మెట్టుకు ఎంత ధనమో బడ్జెట్టులో వ్రాయవచ్చు. ఏ తేదీకి ఏ పత్రం రావాలో టెండరులో చేర్చవచ్చు. పని చెడినప్పుడు ఎవరి సంతకం ఎక్కడున్నదో చూపించవచ్చు. ప్రజాధనాన్ని గానీ వాటాదారుల ధనాన్ని గానీ ఖర్చుచేసేవారికి ఇవి అల్పమైన విషయాలు కావు. లెక్క చెప్పవలసినవాడు కాగితాన్ని కోరడంలో తప్పు లేదు.

అయితే సాఫ్ట్‌వేర్ ఇల్లు కాదు. దానిని చూసేవరకు తనకేమి కావాలో కోరినవానికే తెలియదు. ఏడాదిపాటు కట్టి అప్పగించిన తరువాత “నేను అడిగినది ఇదే, కానీ నాకు కావలసినది ఇది కాదు” అని యజమాని అంటే, దానికి ఏ సంతకమూ జవాబు చెప్పలేదు.

కొత్త బాట

ఈ అసంతృప్తి నుండి పుట్టినదే ఎజైల్. 2001వ సంవత్సరం ఫిబ్రవరి 11 నుండి 13 వరకు అమెరికాలోని యూటా రాష్ట్రంలో, స్నోబర్డ్ అనే మంచుకొండల విడిదిలో పదిహేడుగురు నిపుణులు సమావేశమయ్యారు. కెంట్ బెక్, మార్టిన్ ఫౌలర్, వార్డ్ కన్నింగ్‌హామ్, జెఫ్ సదర్లాండ్, కెన్ ష్వేబర్ ప్రభృతులు వారిలో ఉన్నారు. అప్పటికే ఎవరి పద్ధతి వారిదిగా నడుస్తున్న వీరు, తమకు ఉమ్మడిగా ఉన్న నాలుగు విలువలను ఒక చిన్న ప్రకటనగా వెలువరించారు.

ఆ విలువల సారాంశం ఇది. పద్ధతులకంటె, పరికరాలకంటె మనుషులూ, వారి పరస్పర సంభాషణా ముఖ్యం. దొంతరల కొద్దీ పత్రాలకంటె పనిచేసే సాఫ్ట్‌వేర్ ముఖ్యం. ఒడంబడిక షరతుల గురించి వాదించడంకంటె కొనుగోలుదారుతో కలిసి పనిచేయడం ముఖ్యం. ముందు వేసుకున్న ప్రణాళికను పట్టుకొని వ్రేలాడడంకంటె మార్పుకు స్పందించడం ముఖ్యం. రెండవ కోవలోని వాటికి విలువ లేదని వారు అనలేదు. వాటికీ విలువ ఉన్నదనీ, అయితే మొదటి కోవకు తాము ఎక్కువ విలువ ఇస్తామనీ స్పష్టంగా చెప్పారు. రాయిస్ హెచ్చరికకు పట్టిన గతే ఈ మాటకూ పట్టింది. అనేకులు దీనిని చదవకుండానే దాటిపోయారు.

ఆచరణలో దీని స్వరూపాన్ని మన పరీక్షల భాషలో చెప్పవచ్చు. సంవత్సరాంతంలో ఒకే పెద్ద పరీక్ష పెట్టడం పాత బాట. రెండు వారాలకొకసారి చిన్న పరీక్ష పెట్టి, తప్పులు దిద్దుకుంటూ ముందుకు పోవడం కొత్త బాట. బృందం ప్రతి విడతలోనూ పనిచేసే ఒక చిన్న భాగాన్ని పూర్తిచేసి వాడుకరులకు చూపుతుంది. వారు బాగున్నదంటే ముందుకు, లేదంటే ప్రక్కకు సాగుతుంది. ఈ విడతను ‘స్ప్రింట్’ అంటారు. విడత చివర బృందమంతా కూర్చుని తమ పనితీరును తామే విమర్శించుకుంటుంది. కాబట్టి నా దృష్టిలో ఎజైల్ అంటే వేగం కాదు. చెడువార్తను ఏడాది చివర కాక రెండవ వారంలోనే తెలుసుకునే ఏర్పాటు అది.

రాపిడి ఎక్కడ?

బృందం వాడుకరికి జవాబుదారు. సంస్థ తన పాలకమండలికీ, ఆడిటర్లకూ, చట్టానికీ జవాబుదారు. మార్చి నెలలో మంజూరైన బడ్జెట్టు ఏడాది పొడుగునా జరగబోయే పనుల జాబితాను కోరుతుంది. బృందమేమో మూడవ నెల పని ఏమిటో రెండవ నెల చూసిన తరువాతనే చెప్పగలనంటుంది. సంస్థలో జీతాల పెంపు వ్యక్తికి వ్యక్తికి మధ్య పోటీతో నిర్ణయమవుతుంది. బృందంలోనేమో ఒకరి పనిని మరొకరు దిద్దడమే గొప్ప గుణం. సంస్థలో మార్పులను ఆమోదించే కమిటీ నెలకొకసారి కూర్చుంటుంది. బృందానికి దినదినమూ మార్పు అవసరం. ఇరువురూ తమ తమ ధర్మాన్నే నెరవేరుస్తున్నారు. అయినా ఒకరి ధర్మం మరొకరికి అడ్డంకిగా కనిపిస్తుంది.

ఇక్కడ బృందాల పక్షాన మాత్రమే వాదించడం న్యాయం కాదు. 1985కూ 1987కూ నడుమ అమెరికా, కెనడాలలో థెరాక్-25 అనే రేడియేషన్ చికిత్సా యంత్రం సాఫ్ట్‌వేర్ లోపాల మూలంగా ఆరుగురు రోగులపై మోతాదును మించిన కిరణాలను ప్రసరింపజేసింది. వారిలో కొందరు మరణించారు. అటువంటి యంత్రాన్ని తయారుచేసే సంస్థ “ఈ మార్పును ఎవరు పరీక్షించారు? ఆధారమేది?” అని అడిగితే అది అధికారదర్పం కాదు, ప్రాణరక్షణ. పత్రాలు వ్రాయడం బద్ధకమై, ఆ బద్ధకానికి ఎజైల్ అని పేరు పెట్టుకునే బృందాలూ లేకపోలేదు. జాగ్రత్త అనే విలువను ఎగతాళి చేసేవారికి జవాబుదారీ అర్థం తెలియదనే చెప్పాలి.

సంస్థల పక్షాన కూడా ఒక దోషమున్నది. ఎడ్గార్ షైన్ అనే అమెరికన్ ఆచార్యుడు 1985లో వెలువరించిన గ్రంథంలో సంస్థల సంస్కృతిని మూడు పొరలుగా వివరించారు. పైపొర కంటికి కనిపించే వస్తువులు, అలవాట్లు. నడిమిపొర సంస్థ తానుగా ప్రకటించుకునే విలువలు. అడుగుపొర ఎవరూ పైకి చెప్పని, అందరూ నిజమని నమ్మే భావనలు. గోడలమీద రంగురంగుల చీటీలు అంటించడం, ఉదయం నిలబడి సమావేశం జరపడం పైపొరకు చెందినవి. “మాకు పారదర్శకతే ప్రాణం” అనే బోర్డు నడిమిపొర. “చెడువార్త తెచ్చినవాడే దోషి” అనే నమ్మకం అడుగుపొరలో ఉన్నట్లయితే, పై రెండు పొరలను ఎంత మార్చినా ప్రయోజనం శూన్యం.

బ్రిటన్ నేర్చుకున్న పాఠం

దీనికి బ్రిటిష్ ప్రభుత్వపు ‘యూనివర్సల్ క్రెడిట్’ అనుభవం మంచి ఉదాహరణ. నిరుద్యోగులకూ అల్పాదాయ వర్గాలకూ అందే ఆరు వేర్వేరు సహాయాలను ఒక్కటిగా కలిపే పథకమిది. 2010లో ప్రకటించారు. 2013 అక్టోబరు నుండి దేశమంతటా కొత్త దరఖాస్తులను స్వీకరించి 2017 నాటికి ముగించాలని గడువు పెట్టుకున్నారు. ఆ పథకపు సామాజిక న్యాయాన్యాయాలపై జరిగిన చర్చ వేరు. దాని కంప్యూటర్ వ్యవస్థను ఎజైల్ పద్ధతిలో నిర్మించాలనే నిర్ణయమే మనకు ప్రస్తుతం.

నిర్ణయం కొత్తదే, కానీ ఒడంబడికలు పాతవి, అజమాయిషీ పాతది, తనిఖీ పాతది. 2013 సెప్టెంబరులో ఆ దేశపు నేషనల్ ఆడిట్ ఆఫీసు నివేదిక వెలువరించింది. ఇంత పెద్ద కార్యక్రమంలో ఎజైల్‌ను అంతకు పూర్వం వాడని శాఖ, దానిని తన కాంట్రాక్టులతోనూ పాలనా ఏర్పాట్లతోనూ పొసగించలేక చిక్కులు పడిందని ఆ నివేదిక పేర్కొన్నది. దానికంటె ముఖ్యమైన మరొక విషయాన్ని కూడా ఎత్తిచూపింది. కార్యక్రమాన్ని నడిపేవారు కోట తలుపులు మూసుకున్నట్లు వ్యవహరించారనీ, పై అధికారులకు శుభవార్తలు మాత్రమే అందించే వాతావరణం నెలకొన్నదనీ తెలిపింది. అప్పటికే 3 కోట్ల 40 లక్షల పౌండ్ల విలువగల కంప్యూటర్ ఆస్తులను వ్యర్థమైనవిగా లెక్కలలోనుండి కొట్టివేయవలసి వచ్చింది.

ఆ ఏడాది ఆరంభంలోనే పథకాన్ని ఆపి పునఃసమీక్షించారు. 2013 ఏప్రిల్‌లో మాంచెస్టర్ సమీపంలోని ఆష్టన్-అండర్-లైన్‌లో సులభమైన దరఖాస్తులతో మాత్రమే ప్రారంభించారు. పిమ్మట వేరొక చిన్న బృందంతో కొత్త వ్యవస్థను నిర్మించి, 2014 నవంబరులో లండన్ నగరపు సట్టన్ ప్రాంతంలో కొద్దిమందితో పరీక్షించారు. అది దేశమందలి ఉపాధి కేంద్రాలన్నిటికీ చేరేసరికి 2018 డిసెంబరు వచ్చింది. పాత సహాయాలు పొందుతున్నవారిని కొత్త పథకంలోకి మార్చే పని ఆపైన కూడా ఏళ్ల తరబడి సాగింది.

రెండు వారాలకొకసారి నిజం చెప్పవలసిన పద్ధతిని, శుభవార్తలు తప్ప వినని కార్యాలయంలో ప్రవేశపెడితే ఏమవుతుంది? నిజం బృందం గదిలోనే ఆగిపోతుంది. పత్రాలమీద అంతా సవ్యంగానే ఉంటుంది. చివరకు ఆ తప్పు ధర చెల్లించేది అధికారులు కాదు, అద్దె డబ్బు కోసం ఎదురుచూసే కుటుంబం. కనుక ఈ ఘర్షణ కంప్యూటర్ నిపుణుల సొంత గొడవ అని ఉపేక్షించడానికి వీలులేదు.

తాడు లాగే హక్కు

సంస్థలు మారలేవని నిరాశ చెందనక్కరలేదు. మరొక పరిశ్రమనుండి నిదర్శనం చూద్దాం. కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో జనరల్ మోటార్స్ వారి కార్ల కర్మాగారం ఉండేది. పని ఎగవేతకూ, నాసిరకం ఉత్పత్తికీ, యాజమాన్యానికీ కార్మికులకూ మధ్య తగవులకూ పేరుమోసిన ఆ కర్మాగారం 1982లో మూతపడింది. 1984లో జపాను దేశపు టయోటా భాగస్వామ్యంతో అదే చోట ‘నుమ్మీ’ అనే పేరుతో మరల తెరిచారు. పనిలోకి తీసుకున్నవారిలో అత్యధికులు ఆ పాత కార్మికులే. కొద్ది కాలంలోనే అక్కడి కార్లు నాణ్యతలో జపాను కార్లకు దీటుగా వచ్చాయి.

మారినదేమిటి? లోపం కంటబడిన ఏ కార్మికుడైనా తలపై వ్రేలాడే తాడును లాగవచ్చు. మేస్త్రీ వచ్చి తిట్టడు, ఏమి జరిగిందని అడుగుతాడు. వెంటనే సరిపడకపోతే కార్ల వరుస ఆగిపోతుంది. పూర్వం వరుసను ఆపడం మహాపరాధం. ఇప్పుడు లోపాన్ని దాచిపెట్టడం అపరాధం. మనుషులు వారే, చేతులు అవే, అడుగుపొరలోని నమ్మకం ఒక్కటే మారింది. ఆ విధానాన్ని తన తక్కిన కర్మాగారాలకు విస్తరింపజేయడానికి జనరల్ మోటార్స్‌కు ఏళ్లూ పూళ్లూ పట్టింది. తాడును ఎక్కడైనా వ్రేలాడదీయవచ్చు. దానిని లాగినవానికి కీడు జరగదన్న నమ్మకాన్ని వ్రేలాడదీయడం కష్టం.

సాఫ్ట్‌వేర్‌లో కూడా ఇటువంటి ఉదాహరణ ఉన్నది. అమెరికా నేరపరిశోధక సంస్థ ఎఫ్‌బీఐ, హోదాలకూ గోప్యతకూ పెట్టింది పేరు. కేసుల దస్త్రాలను కంప్యూటరులోకి మార్చే మొదటి ప్రయత్నాన్ని 17 కోట్ల డాలర్లు వెచ్చించిన తరువాత 2005లో విరమించుకున్నది. 2006లో మొదలైన ‘సెంటినెల్’ అనే రెండవ ప్రయత్నమూ జాప్యాలలో చిక్కుకున్నది. 2010లో సంస్థ ఆ పనిని నేరుగా తన చేతులలోకి తీసుకొని, రెండేసి వారాల విడతలలో నిర్మించసాగింది. 2011 అక్టోబరులో జరిపిన పరీక్షలో ఆ వ్యవస్థను మోయడానికి ఉన్న యంత్రసామగ్రి చాలదని తేలింది. ఆ వార్తను కప్పిపుచ్చి తేదీని నిలబెట్టుకోవచ్చును. అలా చేయక గడువును పొడిగించి, లోపం సరిదిద్ది, 2012 జులైలో వాడుకలోకి తెచ్చారు. హోదాలు పోలేదు, గోప్యతా నియమాలు సడలలేదు. ఇక్కడ ఎజైల్ అద్భుతం చేసిందనడంకంటె, చెడువార్తకు చోటు దొరికిందనడమే నిజానికి దగ్గర.

ప్రక్క గది కిటికీ

మరి ఘర్షణను ఎదుర్కొనే తీరు ఎట్టిది? దాదాపు నూరేళ్ల క్రిందట, 1925లో, మేరీ పార్కర్ ఫాలెట్ అనే అమెరికన్ విదుషీమణి ఈ విషయమై చేసిన ప్రసంగం నేటికీ చదువదగినది. తగవును తీర్చడానికి మూడు మార్గాలున్నాయని ఆమె చెప్పారు. ఒకరు మరొకరిని లొంగదీయడం మొదటిది. చెరికొంత వదులుకొని రాజీపడడం రెండవది. ఇరువురి అసలు కోరికా తీరే కొత్త దారిని కనుగొనడం మూడవది. గ్రంథాలయంలో తన అనుభవాన్నే ఆమె ఉదాహరించారు. ఒకరు కిటికీ తెరవాలన్నారు, ఆమె మూసి ఉంచాలన్నారు. చివరకు ఎవరూ లేని ప్రక్క గది కిటికీ తెరిచారు. అతనికి కావలసినది గాలి, ఆమెకు కావలసినది చలిగాలి మీద పడకుండా ఉండడం. కిటికీని గురించి వాదించినంతసేపూ దారి కనిపించలేదు. ఎవరికి ఏమి కావాలో అడిగినప్పుడు కనిపించింది.

ఈ సూత్రాన్ని మన సమస్యకు అన్వయించి చూద్దాం. ఆడిటరుకు కావలసినది లావుపాటి పత్రమా? కాదు, ఏ మార్పును ఎవరు చేశారో, ఎవరు ఆమోదించారో, ఎప్పుడు పరీక్షించారో తెలిపే సాక్ష్యం. 2005లో పుట్టి నేడు లోకమంతటా వాడుకలో ఉన్న గిట్ వంటి సాధనం ప్రతి మార్పునూ పేరుతో, తేదీతో నమోదు చేస్తుంది. బృందం తన సమీక్షలనూ పరీక్షల ఫలితాలనూ దానికి జతపరచి ఆడిటరు ముందుంచితే, ఏడాదికొకసారి వ్రాసే పత్రంకంటె గట్టి సాక్ష్యం అతనికి లభిస్తుంది. బృందానికీ పని ఆగదు.

ఆర్థిక శాఖకు కావలసినది పనుల జాబితా కాదు, ఖర్చు అదుపు తప్పదన్న హామీ. సొమ్మునూ గడువునూ స్థిరంగా ఉంచి, వాటిలో ఇమిడే పనుల వరుసను మార్చుకునే స్వేచ్ఛను బృందానికి ఇవ్వవచ్చు. పనిచేసే భాగాన్ని చూసిన మీదటనే తరువాతి విడత సొమ్ము విడుదల చేయవచ్చు. జీతాల విషయంలో వ్యక్తి ప్రతిభతోపాటు తోటివారికి చేసిన సహాయాన్నీ లెక్కలోకి తీసుకోవచ్చు. ప్రాణాపాయం గల పనులలో బృందమే తగ్గి, సంస్థ నియమాలకు లోబడి, విడతలను దీర్ఘంగా ఉంచుకోవచ్చు. ఇందులో ఎవరి ఓటమీ లేదు.

అయితే ఈ సామరస్యానికి ఒక హద్దున్నది. రెండు మంచి విలువల మధ్య తగవుకు ప్రక్క గది కిటికీ దొరుకుతుంది. నిజానికీ అబద్ధానికీ మధ్య తగవుకు దొరకదు. “పూర్తి కాని పనిని పూర్తయినట్లు చూపండి” అని పైవారు ఆదేశించినప్పుడు అది విలువల భేదం కాదు. అక్కడ రాజీ మార్గాలు వెదకడం వినయమూ కాదు, తెలివీ కాదు. మర్యాదగా, వ్రాతపూర్వకంగా కాదనడమే జవాబుదారీ.

మన మాట

ఇదంతా ఎక్కడో అమెరికా, బ్రిటన్ దేశాల సంగతి కదా అనిపించవచ్చు. 1998లో హైదరాబాదులో సైబర్ టవర్స్ ప్రారంభమైన నాటినుండి ఆ దేశాల సంస్థల పని మన ఊరికి వచ్చింది. మన పిల్లలు ఇక్కడ కూర్చుని సముద్రాల అవతలి బృందాలతో కలిసి పనిచేస్తున్నారు. సంస్థల విలువల భేదానికి దేశాల మర్యాదల భేదం కూడా తోడైంది. పెద్దవారి ఎదుట ‘కాదు’ అనడం మనకు అవిధేయత. ‘చూస్తాను సార్’ అంటే కాదని అర్థమని మనకు తెలుసు. అవతలివారు దానిని ఒప్పుకోలుగా వ్రాసుకుంటారు.

మన కళాశాల పూర్వ విద్యార్థి ఒకరు నిరుడు సెలవులకు వచ్చినప్పుడు తన తొలి ఉద్యోగపు కథ చెప్పాడు. ఆ సంస్థలో ప్రతి ఉదయమూ సమావేశం జరిగేది. ఒక్కొక్కరు రెండు వాక్యాలలో తమ పని చెప్పాలి. తన భాగం నడవడం లేదని అతనికి మూడవ వారంలోనే తెలుసు. “అంతా బాగుందంటున్నవాళ్ల మధ్య నేనొక్కణ్ణే బాగాలేదని ఎలా అనను సార్? నాదీ బాగుందన్నాను” అన్నాడు. నివేదికలో అందరి గడులూ పచ్చరంగులోనే ఉండేవట. రెండు నెలల తరువాత అన్ని భాగాలనూ కలిపి చూస్తే ఏదీ నడవలేదు. “పుచ్చకాయ సార్, పైకి పచ్చన, కోస్తే ఎర్రన” అని నవ్వాడు. ఆ నవ్వులో సిగ్గు ఉన్నది. ఆ గదిలో ఉన్నవారందరికీ ఎవరి భాగం సంగతి వారికి ముందే తెలుసునని అతనికి తరువాత తెలిసింది.

అతని మాటలు విన్ననాటినుండి నాకొక సందేహం పీడిస్తున్నది. ఆ మౌనాన్ని అతనికి నేర్పినది ఆ సంస్థేనా? మూడేళ్లపాటు నా తరగతిలో కూర్చున్నాడు. “అర్థమైందా?” అని నేను అడిగినప్పుడల్లా అరవై గొంతులు “అయింది సార్” అన్నాయి. అర్థం కానివాడు లేచి నిలబడి ఆ మాట అంటే నేను ఏ ముఖంతో విన్నానో నాకే గుర్తులేదు. నా ప్రశ్నపత్రం ఏడాది చివర వచ్చేది. అతనికి ఏమి రాదో ఇరువురికీ తెలిసేసరికి సెలవులు మొదలయ్యేవి. మన కళాశాల కూడా ఒక సంస్థే. దానికీ పైపొర, అడుగుపొర ఉన్నాయి.

కనుక ఈ ఏడాదినుండి ఒక చిన్న మార్పు చేశాను. రెండు వారాలకొకసారి ప్రతి విద్యార్థీ తనకు అర్థం కాని ఒక విషయాన్ని చీటీమీద వ్రాసి, ఉర్దూలోనైనా తెలుగులోనైనా, నా బల్లమీద ఉంచాలి. పేరు వ్రాయడం వారి ఇష్టం. మొదటి దఫా అరవైమందిలో పదకొండు చీటీలు మాత్రమే వచ్చాయి, ఒక్కదానిమీదా పేరు లేదు. ఇప్పుడు నలభై దాటుతున్నాయి, సగానికి పేర్లుంటున్నాయి. కొన్ని చీటీలు నా బోధనను గురించే ఉన్నాయి. వాటిని చదవడం సుఖంగా లేదని ఒప్పుకుంటున్నాను.

విద్యార్థినీ విద్యార్థులారా! మీలో పలువురు రేపు ఇటువంటి బృందాలలో చేరతారు. కొందరు కొంతకాలానికి బృందాలను నడిపే స్థానానికి చేరతారు. మొదటి దశలో మీ నోట రావలసిన కష్టమైన మాట “ఇది నడవడం లేదు” అన్నది. రెండవ దశలో ఆ మాట విని, చెప్పినవారిని కూర్చోబెట్టి, “ఏమి జరిగిందో చెప్పు” అనడం అంతకంటె కష్టం. ఈ రెండు మాటలనూ అభ్యసించడానికి ఉద్యోగం వచ్చేవరకు ఆగనక్కరలేదు. రాబోయే సోమవారం చీటీల రోజు. నా బల్ల ఖాళీగా ఉంటుంది.